పారాచూట్ తెరుచుకున్నా దెబ్బలెందుకు తగులుతాయి?

సంక్షిప్తంగా

ఇప్పటి స్పోర్ట్స్ పారాచూట్ గుడ్డతో కుట్టిన రెక్క. అది తెరుచుకోకపోవడం అరుదు. చక్కగా తెరుచుకున్న పారాచూట్ కిందే నేల దగ్గర చాలా ప్రమాదాలు జరుగుతున్నాయి. ఎంపిక, నడిపే తీరు, మరమ్మతు మూడూ ఒకే లెక్కను పట్టుకుని ఉంటాయి: ఎంత బరువును, ఎంత గుడ్డ, ఎలాంటి గాలిలో మోస్తోంది? సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉన్న బెంగళూరులో ఆ లెక్క చెన్నైలో ఉన్నట్టు ఉండదు.

వార్తల్లో ఉన్నవి, జనం అడిగేవి

2025 ఆగస్టు 24న శ్రీహరికోట దగ్గర ఒక చినూక్ హెలికాప్టర్ సుమారు 4.8 టన్నుల గగన్‌యాన్ క్రూ మాడ్యూల్ నమూనాను 3 కిలోమీటర్ల ఎత్తు నుంచి వదిలింది. పారాచూట్లు ఒకదాని తర్వాత ఒకటి తెరుచుకుని దాన్ని సముద్రంలో నెమ్మదిగా దించాయి. అదే ఏడాది అక్టోబర్‌లో ముగ్గురు వైమానిక దళ సిబ్బంది 32,000 అడుగుల నుంచి దూకి, దేశంలోనే తయారైన మిలిటరీ కాంబాట్ పారాచూట్ సిస్టమ్‌ను పరీక్షించారు. దాన్ని ఆగ్రాలోని ఏడీఆర్‌డీఈ, బెంగళూరులోని డెబెల్ కలిసి రూపొందించాయి. రెండూ డీఆర్‌డీఓ ల్యాబ్‌లే.

ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా బెంగళూరులోని తెలుగువాళ్ల మధ్య పారాచూట్ల చర్చ మళ్లీ మొదలవుతుంది. ఈ ఊరికి పారాచూట్ కొత్త కాదు. సైన్యానికి చెందిన పారాచూట్ రెజిమెంట్ శిక్షణ కేంద్రం ఇక్కడే ఉంది. మైసూరు వెళ్లి శిక్షకుడి ముందు బెల్టులతో కట్టించుకుని టాండెమ్ జంప్ చేసొచ్చినవాళ్లు మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ ఆఫీసుల్లో దొరుకుతారు. వాళ్లను ఎవరైనా మొదట అడిగేది ఒకటే: "తెరుచుకోకపోతే?"

టెన్షన్ సహజమే. కానీ అసలు ప్రమాదం ఎక్కువగా కాచుకుని ఉండేది అక్కడ కాదు. అమెరికా పారాచూట్ అసోసియేషన్ లెక్క ప్రకారం 2023లో ఆ దేశంలో సుమారు 36.5 లక్షల జంపులు జరిగితే 10 మంది చనిపోయారు. మెయిన్ పారాచూట్ మొరాయిస్తే వీపు మీద రిజర్వ్ ఉంటుంది. మనిషి స్పృహ తప్పితే రిజర్వ్‌ను తెరిచే చిన్న యంత్రం ఉంటుంది. ఇన్ని కాపలాలు ఉన్నా ప్రమాద నివేదికల్లో ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ కనిపించే దృశ్యం ఒకటుంది. పారాచూట్ తెరుచుకుంది, తాళ్లు చిక్కుపడలేదు, ఆకాశం నిర్మలంగా ఉంది. మనిషి మాత్రం నేలను వేగంగా ఢీకొట్టాడు.

ఇది ఎలా జరుగుతుందో చూడటానికి ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. అమెరికాలో ఎంఎస్ చేసేటప్పుడు, సముద్రమట్టానికి దగ్గరగా ఉన్న డ్రాప్ జోన్‌లో (విమానంలోంచి దూకి దిగే మైదానంలో) లైసెన్స్ తెచ్చుకున్న తెలుగు ఇంజినీరు ఒకరున్నారనుకుందాం. అప్పట్లో ఆయన బరువు 70 కిలోలు. సుమారు వంద జంపులు చేసి, సొంతంగా 190 చదరపు అడుగుల పారాచూట్ కొనుక్కున్నారు. ఏడేళ్లు గడిచాయి. ఇప్పుడు ఉద్యోగం బెంగళూరులో, బరువు 78 కిలోలు, పారాచూట్ బ్యాగ్ ఫ్లాట్‌లో అల్మరా పైన. మనిషీ అతనే, పారాచూటూ అదే. మారినవి మాత్రం చాలా ఉన్నాయి.

గాలిని అడ్డుకునే గుడ్డ, గాలిలో ఎగిరే రెక్క

పాత గుండ్రటి పారాచూట్‌కు గాలిని అడ్డుకోవడమే పని. దాని కింద మనిషి సెకనుకు 5, 6 మీటర్ల వేగంతో దిగుతాడు. అంటే నిలువెత్తు గోడ మీంచి దూకినట్టు. అందుకే పాదాలు దగ్గర పెట్టి పక్కకు దొర్లుతూ నేలను తాకడం సైనికులకు ముందే నేర్పుతారు.

1960లలో ఈ పద్ధతి మారింది. గాలిపటాలు, బెలూన్ల పనిలో ఆరితేరిన డొమినా జల్బెర్ట్ గాలితో తనంతట తానే ఉబ్బి రెక్క ఆకారం తెచ్చుకునే గుడ్డను రూపొందించారు. 1964లో పేటెంటుకు దరఖాస్తు పెడితే 1966లో మంజూరైంది. దాని నిర్మాణం అర్థం కావాలంటే ఏడో తొమ్మిదో దిండు గలీబులను పక్కపక్కన కుట్టి, మూతులన్నీ ఒకే వైపు తెరిచి ఉంచినట్టు ఊహించుకోవాలి. ముందు నుంచి గాలి దూసుకొస్తుంది, వెనక దారి మూసి ఉంటుంది. లోపల చిక్కుకున్న గాలే ఆ గుడ్డను బిగించి, విమానం రెక్కకు ఉండే వంపు ఇస్తుంది. ఈ గుడ్డ రెక్కనే కెనోపీ అంటారు. ఒక్కో గలీబు ఒక సెల్.

రెక్క అయ్యింది కనుక అది నిట్టనిలువునా దిగదు. ముందుకు పోతూ దిగుతుంది. కొత్తవాళ్లు వాడే పెద్ద కెనోపీ కూడా గంటకు 30, 40 కిలోమీటర్లతో ముందుకు సాగుతుంది. నేల దగ్గరికి వచ్చాక చేతుల్లోని రెండు టాగుల్స్‌ను (బ్రేక్ తాళ్ల పిడులను) ఒకేసారి కిందికి లాగితే కెనోపీ తోక వంగుతుంది. అప్పుడు ముందుకు పోయే వేగమే పైకి లేపే బలంగా మారి, రెండు మూడు సెకన్ల పాటు దిగడం దాదాపు ఆగిపోతుంది. దీన్ని ఫ్లేర్ అంటారు. సరిగ్గా చేసినవాళ్లు మెట్టు దిగినట్టు నేల మీద అడుగు పెడతారు.

ఫ్లేర్ పనిచేయాలంటే వేగం కావాలి. అదే వేగం తప్పు దారి పడితే ఎముక విరుగుతుంది. పారాచూట్ ఎంపికలో వచ్చే తగాదాలన్నీ ఈ రెండింటి మధ్య ఎక్కడ నిలబడాలన్న దాని గురించే.

గగన్‌యాన్‌తో పోలిస్తే తేడా తేటతెల్లమవుతుంది. ఆ మాడ్యూల్‌కు మొత్తం 10 పారాచూట్లు: పై మూత ఊడదీయడానికి 2, తొలి వేగం తగ్గించి నిలకడ తెచ్చేవి 2, పెద్దవాటిని బయటికి లాగేవి 3, చివరగా 3 పెద్ద పారాచూట్లు. ఆ మూడింటిలో రెండు తెరుచుకున్నా చాలు. మాడ్యూల్ నీళ్లలో పడుతుంది కాబట్టి వాటికి రెక్క గుణం అక్కర్లేదు, అడ్డుకోవడమే చాలు. స్కైడైవర్ దిగేది గట్టి నేల మీద. పేరు ఒకటే గానీ ఇవి రెండు వేర్వేరు యంత్రాలు.

ఎంత బరువుకు ఎంత గుడ్డ?

190 చదరపు అడుగులంటే అపార్ట్‌మెంట్‌లో 12కు 16 అడుగుల బెడ్‌రూమ్ నేలంత గుడ్డ. అంత గుడ్డ పాఠశాల పిల్లల బ్యాగ్ కన్నా కాస్త పెద్ద సంచిలో ఒదిగిపోతుంది. దీని ఎంపికకు ప్రపంచమంతా వాడే లెక్క వింగ్ లోడింగ్. మనిషి, బట్టలు, హెల్మెట్, మొత్తం రిగ్ (బెల్టుల బ్యాగ్, అందులోని రెండు పారాచూట్లు) కలిపిన బరువును పౌండ్లలో తీసుకుని కెనోపీ విస్తీర్ణంతో భాగించాలి. కిలోల దేశాల్లో కూడా ఈ లెక్క పౌండ్లలోనే స్థిరపడిపోయింది.

మన ఇంజినీరు మొదట్లో 70 కిలోలు, సామాను 12 కిలోలు. మొత్తం 82 కిలోలు, అంటే 181 పౌండ్లు. 190తో భాగిస్తే 0.95. కొత్తగా లైసెన్స్ వచ్చినవాళ్లు 1.0 దాటకూడదన్నది సాధారణంగా చెప్పే మాట. ఆయన ఎంపిక సరైనదే. శిక్షణలో ఇంకా పెద్దవి, 230, 260, 280 చదరపు అడుగులవి ఇస్తారు. ఇద్దరిని మోసే టాండెమ్ కెనోపీలు 300 పైనే ఉంటాయి.

ఒకవేళ ఆయన షోకుకు 150 కొని ఉంటే లెక్క 1.21 అయ్యేది. 210 కెనోపీ మీదైతే అది 0.86. ఈ రెండింటి మధ్య వేగం తేడా వర్గమూలం లెక్కన 18 శాతమే వస్తుంది, చెవికి పెద్దగా అనిపించదు. కానీ తాకిడి వేగంతో కాదు, వేగం వర్గంతో పెరుగుతుంది. నేలను తాకేటప్పుడు శరీరం మోసుకొచ్చే శక్తి 40 శాతం ఎక్కువ. కాలి ఎముకకు తెలిసేది ఆ 40 శాతమే.

ఎప్పుడు చిన్నదానికి మారాలన్న ప్రశ్నకు కెనోపీ శిక్షకుడు బ్రయాన్ జర్మేన్ ఇచ్చిన సూత్రం బాగా వ్యాపించింది: 1.0తో మొదలుపెట్టి, ప్రతి వంద జంపులకు 0.1 చొప్పున గరిష్ఠ పరిమితి పెంచుకోవచ్చు. అది పరిమితి మాత్రమే, చేరుకోవాల్సిన లక్ష్యం కాదు. ఏడేళ్లు ఆపేసిన మనిషి పాత వంద జంపులను అలాగే లెక్కలోకి తీసుకోవడం కూడా తప్పు. చేతుల అలవాటు అల్మరాలో దాచిపెడితే ఉండదు.

ఈ లెక్క పూర్తిగా చెప్పని విషయం ఒకటుంది, తేలికపాటి మనుషులు దాన్ని తప్పక తెలుసుకోవాలి. 50 కిలోల మహిళ సామానుతో కలిపి 134 పౌండ్లు ఉంటే 135 కెనోపీ మీద ఆమె లెక్క దాదాపు 1.0. 92 కిలోల మనిషి సామానుతో 230 కెనోపీ మీద ఉన్నా 1.0కే వస్తుంది. కాగితం మీద ఇద్దరూ సమానం. గాలిలో కాదు. చిన్న కెనోపీకి తాళ్లు పొట్టి. పొట్టి తాడున్న ఊయల ఎలా చకచకా ఊగుతుందో, చిన్న కెనోపీ కూడా చేయి కదిపితే చాలు, అంత చురుగ్గా తిరుగుతుంది. అందుకే తేలికగా ఉన్నవాళ్లు 1.0కు బాగా కింద ఉండటమే మంచిది. ఈ సంగతి అమ్మేవాళ్లు చెప్పరు, కొనేవాళ్లు అడగరు.

ఆకారం విషయం క్లుప్తంగా చెప్పుకోవచ్చు. దీర్ఘచతురస్రంగా ఉన్నవి నిదానం. అంచులు సన్నబడి కోలగా ఉన్నవి చురుకు. తెరుచుకునేటప్పుడు చిన్న తేడా వచ్చినా కోలవి గిర్రున తిరగడానికి చూస్తాయి. కొత్తవాళ్లకు ఇక్కడ ఆలోచించాల్సిందేమీ లేదు.

బెంగళూరు గాలి, చెన్నై గాలి

చెన్నై విమానాశ్రయం సముద్రమట్టానికి 16 మీటర్ల ఎత్తులో ఉంది. బెంగళూరు కెంపేగౌడ విమానాశ్రయం సుమారు 915 మీటర్ల ఎత్తులో ఉంది. ఈ ఎత్తులో గాలి సాంద్రత ప్రామాణిక లెక్కల ప్రకారం దాదాపు 8.5 శాతం తక్కువ. పలుచని గాలిలో అదే బరువును మోయడానికి రెక్క ఇంకా వేగంగా పోవాలి. ఆ తేడా సుమారు 4.5 శాతం. వేసవి మధ్యాహ్నం గాలి వేడెక్కితే ఇంకొంచెం పెరుగుతుంది.

మన ఇంజినీరు దగ్గరికి వద్దాం. 78 కిలోలకు సామాను 12 కలిపితే 90 కిలోలు, అంటే 198 పౌండ్లు. 190తో భాగిస్తే 1.04. పెరిగిన బరువు వల్ల వేగం సుమారు 4.8 శాతం, ఎత్తు వల్ల మరో 4.5 శాతం. రెండూ కలిసి దాదాపు 9.5 శాతం. శరీరంలో ప్రతి కిలో మోసుకొచ్చే శక్తి దాదాపు 20 శాతం పెరిగింది. పారాచూట్ మీద ఒక్క కుట్టు కూడా మారలేదు. అయినా ఏడేళ్ల కిందట తన బరువుకు సరిపోయిన కెనోపీ ఇప్పుడు ఒక సైజు చిన్నదైనట్టే ప్రవర్తిస్తుంది. ఫ్లేర్ పాత అలవాటు ప్రకారం లాగితే నేల అనుకున్నదాని కన్నా ముందే వచ్చేస్తుంది.

ఎత్తుల తేడాతో ఇంకో చిక్కు ఉంది, ఇది మరీ సూక్ష్మం. స్పృహ తప్పినవాళ్లను కాపాడే యంత్రాన్ని ఏఏడీ అంటారు. 1991లో జర్మనీ నుంచి వచ్చిన సైప్రెస్ వీటిలో అందరికీ తెలిసిన పేరు. అది గాలి పీడనాన్ని బట్టి ఎత్తు, వేగం లెక్కిస్తుంది. అనుభవజ్ఞుల మోడల్ అయితే నేలకు సుమారు 225 మీటర్ల ఎత్తులో మనిషి ఇంకా సెకనుకు 35 మీటర్లకు మించి పడుతుంటే, ఒక చిన్న బ్లేడు రిజర్వ్‌ను మూసి ఉంచిన దారపు ఉచ్చును తెగ్గొడుతుంది. అంతటితో రిజర్వ్ బయటికి వస్తుంది.

అయితే నేల ఎక్కడుందో యంత్రానికి తెలిసేది స్విచ్ ఆన్ చేసిన చోటును బట్టే. బెంగళూరు ఇంట్లో ఆన్ చేసి కారులో మైసూరు వెళ్తే, అక్కడి నేల సుమారు 150 మీటర్లు కిందికి ఉంటుంది. యంత్రం పాత నేలనే పట్టుకుని ఉంటే 225 దగ్గర కాకుండా 375 మీటర్ల దగ్గరే కోసేస్తుంది. మెయిన్‌ను ఆలస్యంగా తెరిచినవాళ్లకు అప్పుడు రెండు పారాచూట్లూ ఒకేసారి బయటికి వచ్చే ప్రమాదం ఉంది. చెన్నైలో ఆన్ చేసి బెంగళూరు తెస్తే ఇంకా ఘోరం. యంత్రం లెక్కలో నేల కాళ్ల కింద 900 మీటర్ల లోతున ఉంటుంది, కాబట్టి అది ఎప్పటికీ పనిచేయదు. వాతావరణం వల్ల నెమ్మదిగా మారే పీడనానికి సర్దుకునే గుణం ఈ యంత్రాలకు ఉంది, కానీ ఘాట్ రోడ్డు ఎక్కడం, హైవే ప్రయాణం వాటిని తయారుచేసినవాళ్ల లెక్కలో లేవు. డ్రాప్ జోన్‌కు చేరాకే ఆన్ చేయాలన్న నియమం అందుకే వచ్చింది. ఎత్తు చూపే చేతి ఆల్టిమీటర్‌కూ అంతే. దూకే ఊరి నేల మీదే సున్నా పెట్టాలి.

చివరి వెయ్యి అడుగులు

గాలిలో పడేటప్పుడు వేగం గంటకు సుమారు 190 కిలోమీటర్లు. చూసేవాళ్లకు భయం పుట్టించేది అదే. జంపర్‌కు అసలు పని మొదలయ్యేది పారాచూట్ తెరుచుకున్నాక. తెరుచుకోగానే ఆకారం చూసుకోవాలి. ఎడమకు, కుడికి తిప్పి చూడాలి. ఒకసారి ఫ్లేర్ చేసి చూడాలి. ఈ పరీక్షలో నమ్మకం కుదరకపోతే మెయిన్‌ను వదిలేసి రిజర్వ్‌కు వెళ్లే నిర్ణయం విద్యార్థులు, కొత్త లైసెన్సీలు 2,500 అడుగుల ఎత్తుకు దిగేలోపే తీసుకోవాలని అమెరికా నియమం. ఆ తర్వాత తర్జనభర్జనకు చోటు లేదు.

దిగడానికి ఒక దారి ఉంది. సుమారు 1,000 అడుగుల దగ్గర గాలి వీచే వైపే వెళ్లాలి. 600 దగ్గర అడ్డంగా తిరగాలి. 300 దగ్గర గాలికి ఎదురు తిరిగి ఇక తిన్నగా రావాలి. అంటే ఆఖరి పెద్ద మలుపు 300 అడుగుల దగ్గరే అయిపోవాలి.

ఆ కింద మలుపు ఎందుకు ప్రాణాంతకం? ఒక టాగుల్ గట్టిగా లాగితే కెనోపీ పక్కకు వాలుతుంది, మనిషి లోలకంలా బయటికి ఊగుతాడు. పైకి లేపే బలం పక్కకు మళ్లిపోయి కెనోపీ ముక్కు కిందికి పెట్టి దూకుతుంది. చేతులు వదిలినా వెంటనే తిన్నగా అవదు. మనిషి మళ్లీ కెనోపీ కిందికి ఊగి వచ్చేదాకా దూకుతూనే ఉంటుంది. ఆ కొద్ది సెకన్లలో వంద అడుగులకు పైగా ఎత్తు పోవచ్చు. కెనోపీ చిన్నదైతే ఇంకా ఎక్కువ. అంత ఎత్తు మిగలకపోతే మనిషి మామూలుగా దిగే వేగంతో కాదు, దూకుతున్న వేగంతో నేలను తాకుతాడు.

సరదాకు ఇలా తిప్పేవాళ్లు కొందరున్నారు. కానీ కొత్తవాళ్లలో ఎక్కువమంది భయంతో తిప్పుతారు. బెంగళూరు, మైసూరు మధ్య నేలను పైనుంచి చూస్తే కారణం తెలుస్తుంది: కొబ్బరి తోటలు, చెరకు పొలాలు, గట్ల వెంట కరెంటు తీగలు. చూపు ఎటు అతుక్కుంటే చేయి అటే లాగుతుంది. 100 అడుగుల ఎత్తులో తీగ కనిపించగానే టాగుల్‌ను నడుం దాకా లాగేయడం శరీరం చేసే పని. శిక్షణ చెప్పేది ఇంకోలా ఉంటుంది: రెండు టాగుల్స్‌నూ సగం దించి పెట్టి, ఒకదాన్ని ఇంకాస్త కిందికి లాగి, కెనోపీని వాలనీయకుండా బల్లపరుపుగా తిప్పాలి. లేదా గాలి వెనక నుంచి తోస్తున్నా సరే, తిన్నగా దిగి దొర్లిపోవాలి. గాలి వాలున దిగితే మోకాళ్లు గీసుకుపోతాయి, చీలమండ బెణకొచ్చు. నేల దగ్గర తిప్పితే నడుము విరుగుతుంది.

గాలి వేగానికీ పరిమితి ఉంది. అమెరికా నియమాల్లో విద్యార్థులకు నేల మీద గాలి గంటకు 14 మైళ్లు, అంటే సుమారు 22 కిలోమీటర్లు దాటితే జంప్ లేదు. కర్ణాటకలో నైరుతి రుతుపవనాల నెలల్లో ఈ పరిమితిలో ఉండే రోజులు వెతుక్కోవాలి.

తాళ్ల కొలత తప్పితే

సంక్రాంతికి గాలిపటం ఎగరేసిన ప్రతి ఒక్కరికీ సూత్రం కట్టడం తెలుసు. పై ముడికీ కింది ముడికీ మధ్య కొలత రెండు వేళ్లు తప్పితే పటం గిరగిరా తిరుగుతుంది, లేదా తల ఎత్తనంటుంది. కాగితం బాగున్నా, దారం బాగున్నా ఎగరదు. పారాచూట్ తాళ్ల సంగతి అచ్చం అదే. ముందు తాళ్లు పొట్టిగా, వెనక తాళ్లు పొడుగ్గా ఉండే ఆ వాలు కొలతే కెనోపీ ఏ కోణంలో గాలిని కోస్తుందో నిర్ణయిస్తుంది.

తాళ్ల కొలత మారడానికి కారణం తెరుచుకునే పద్ధతిలోనే ఉంది. 190 కిలోమీటర్ల వేగంలో గుడ్డ ఒక్కసారిగా విచ్చుకుంటే గుడ్డా మిగలదు, మనిషీ మిగలడు. అందుకే స్లయిడర్ అనే దీర్ఘచతురస్రపు గుడ్డ ముక్క నాలుగు మూలల్లో లోహపు కడియాలతో, తాళ్లన్నిటినీ గుచ్చి పట్టుకుని ఉంటుంది. గాలి దాన్ని పైకి తోస్తుంది, విచ్చుకునే కెనోపీ దాన్ని కిందికి నెడుతుంది. ఈ పెనుగులాట మూడు నాలుగు సెకన్లు సాగి, తెరుచుకోవడం మెల్లబడుతుంది. కానీ కడియాలు తాళ్ల మీద వేగంగా జారితే రాపిడికి వేడి పుడుతుంది. స్పెక్ట్రా రకం తాళ్లు ఒక జాతి ప్లాస్టిక్ పోగులు. బలంలో ఉక్కుకు తీసిపోవు, వేడికి మాత్రం కుదించుకుపోతాయి. అంచుల్లో ఉండే తాళ్లకు, బ్రేక్ తాళ్లకు రాపిడి ఎక్కువ కనుక అవే ముందు పొట్టివవుతాయి. కొన్ని వందల జంపుల్లో తేడా అంగుళాల్లోకి వస్తుంది.

అలాంటి కెనోపీ బయటికి బాగానే కనిపిస్తుంది. తెరుచుకునేటప్పుడు మాత్రం ఓ పక్కకు తిరుగుతుంది, కుదుపు పెరుగుతుంది. బ్రేక్ తాళ్లు పొట్టివైతే చేతులు పూర్తిగా పైకెత్తి ఉన్నా తోక కొంచెం వంగే ఉంటుంది. అంటే హ్యాండ్‌బ్రేక్ సగం వేసి బండి నడుపుతున్నట్టు. ఫ్లేర్‌కు కావాల్సిన వేగం ముందే పోయింది. దీన్ని గాలిలోనే కనిపెట్టవచ్చు. తగినంత ఎత్తులో ముందు వైపు రైజర్లను (తాళ్లను భుజాల దగ్గర బెల్టులకు కలిపే పట్టీలను) కిందికి లాగి పైకి చూస్తే, వెనక అంచు కూడా కిందికి లాగబడుతుంటే బ్రేక్ తాళ్లు పొట్టివైనట్టే. బాగున్నవైతే ఆ తాళ్లు వెనక్కి కాస్త విల్లులా వదులుగా ఊగుతుంటాయి.

వెక్ట్రాన్ రకం తాళ్లు కుదించుకుపోవు, కానీ రాపిడికి నూగు లేచి సన్నబడతాయి. అవి ముందు చెప్పి తెగవు. డాక్రాన్ లావుగా, కాస్త సాగేలా ఉంటాయి. కుదుపును మింగేస్తాయి కాబట్టి కొత్తవాళ్ల పెద్ద కెనోపీలకు నప్పుతాయి. ఏ రకమైనా ఒక వయసు వచ్చాక ఒక్కో తాడు మార్చుకుంటూ పోవడం అతుకుల బొంత వ్యవహారమే. మొత్తం తాళ్ల జత మార్చాలి. ఖర్చు ఎక్కువే. ఆ ఖర్చును వాయిదా వేస్తే దెబ్బ తగిలేది దిగేటప్పుడే.

గుడ్డ, కుట్టు, రిగ్గర్ చేయి

కెనోపీ గుడ్డను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే సన్నని గళ్లు కనిపిస్తాయి. పడుగులోనూ పేకలోనూ కొన్ని మిల్లీమీటర్లకొక లావు పోగు నేసి ఉంటుంది. చిరుగు మొదలైనా ఆ లావు పోగు దగ్గరికి వచ్చి ఆగుతుంది. పట్టు, నూలు నేతల మధ్య పెరిగిన ధర్మవరం, మంగళగిరి వాళ్లకు ఈ కిటుకు చూడగానే అర్థమవుతుంది. దీన్నే రిప్‌స్టాప్ నైలాన్ అంటారు.

పూత లేని పాత రకం గుడ్డ కొత్తలో గాలిని దాదాపు ఆపుతుంది గానీ, మడిచి విప్పే కొద్దీ గాలిని పోనిస్తుంది. ఫ్లేర్ మెత్తబడుతుంది. సిలికాన్ పూత ఉన్న జీరో పొరాసిటీ గుడ్డ 1980ల చివర్లో వచ్చి మెయిన్ కెనోపీల ఆయుష్షు పెంచింది. మడిచేవాళ్ల ఓపికకు మాత్రం పరీక్ష పెట్టింది. గాలి బయటికి పోదు, గుడ్డ చేపలా జారిపోతుంది. రిజర్వ్‌లు ఇప్పటికీ పూత లేని గుడ్డతోనే కుడతారు. అవి వాడేది బహు తక్కువ సార్లు, పైగా మడతకు చక్కగా లొంగాలి.

చిరుగు పడితే చికెపేటలోని మంచి దర్జీ అతికించలేడా అన్నది చాలామందికి వచ్చే సందేహం. దర్జీ చేతిలో పనితనం ఉంది. కానీ ఇక్కడ కుట్టే ప్రతి గీత మీద బరువు ప్రయాణిస్తుంది. అతుకు గుడ్డ అదే రకానిది కావాలి. దాని పడుగు పేక కెనోపీ పడుగు పేకల దిశలోనే కూర్చోవాలి, లేకపోతే లాగుడు పడినప్పుడు ఒకటి సాగి ఇంకొకటి సాగక కొత్త చిరుగు పుడుతుంది. అంచులను వేడి కత్తితో కోస్తే పోగులు కరిగి అతుక్కుంటాయి, ఊడిపోవు. దారం నైలాన్‌దే అయి ఉండాలి. కుట్లు మరీ దగ్గరగా పడితే తపాలా బిళ్ల చుట్టూ ఉండే చిల్లుల్లా అయి గుడ్డ ఆ గీత వెంటే చిరుగుతుంది. మరీ దూరమైతే పట్టు ఉండదు. తాడు అతికే చోటుకు దగ్గరగా చిరిగితే అది పెద్ద మరమ్మతు. పారాచూట్లు మడిచి, మరమ్మతు చేసే లైసెన్స్ ఉన్నవాళ్లను రిగ్గర్లు అంటారు. అమెరికాలో సీనియర్ రిగ్గర్‌కు కూడా ఆ అనుమతి ఉండదు, మాస్టర్ రిగ్గర్ చేయాలి. మాస్టర్ కావాలంటే కనీసం మూడేళ్ల అనుభవం కావాలి.

రిజర్వ్ విషయంలో ఇంకా కట్టుదిట్టం. అమెరికాలో వాడినా వాడకపోయినా 180 రోజులకోసారి విప్పి, గాలి తగలనిచ్చి, పరీక్షించి, మళ్లీ మడవాలి. 2008కి ముందు ఆ గడువు 120 రోజులు. మడత పూర్తయ్యాక రిగ్గర్ మూత పిన్నుకు సన్నని ఎర్ర దారం చుట్టి, చిన్న సీసపు ముద్ర వేస్తాడు. దాని మీద ఆయన గుర్తు ఉంటుంది. ఆ దారం తెగి ఉన్నా, కార్డు మీద తేదీ దాటినా ఆ రిగ్‌తో విమానం ఎక్కనివ్వరు.

మెయిన్ పాడైనప్పుడు దాన్ని వదిలించుకునే మూడు ఉంగరాల ఏర్పాటు 1970ల మధ్యలో బిల్ బూత్ కనిపెట్టినది. పెద్ద ఉంగరం గుండా మధ్యది, దాని గుండా చిన్నది దూరి ఉంటాయి. ఒక్కో ఉంగరం దగ్గర భారం కొన్ని రెట్లు తగ్గుతూ, చివరికి సన్నని దారపు ఉచ్చు, ఒక కేబుల్ దాన్ని ఆపగలుగుతాయి. కేబుల్ లాగితే మూడూ జారిపోతాయి. బ్యాగ్ ఏళ్ల తరబడి అలాగే ఉంటే ఉంగరాల దగ్గరి పట్టీ బిగుసుకుపోయి ఆ మడత ఆకారంలోనే గట్టిపడుతుంది. అప్పుడు జారడం ఆలస్యమవుతుంది. నెలకోసారి విప్పి ఆ పట్టీని వేళ్లతో అటూ ఇటూ వంచడం రెండు నిమిషాల పని.

నైలాన్‌కు శత్రువులు మన ఇళ్లలోనే ఉన్నారు. ఎండ దాని బలాన్ని తినేస్తుంది. తడిస్తే డాబా మీద ఎండలో వేయకూడదు, నీడలో ఆరబెట్టాలి. చెన్నై తీరంలో ఉప్పునీళ్లు తగిలితే మంచినీళ్లతో బాగా కడగాలి, లేకపోతే ఉప్పు పలుకులు పోగుల మధ్య కూర్చుని కోస్తాయి. బ్యాటరీ యాసిడ్ అన్నిటికన్నా ప్రమాదం. మరక కూడా సరిగా కనిపించదు, గుడ్డ మాత్రం పొడిలా రాలుతుంది. ఇన్వర్టర్ బ్యాటరీ ఉన్న అల్మరాలో గానీ, కారు డిక్కీలో పాత బ్యాటరీ పక్కన గానీ పారాచూట్ పెట్టకూడదు.

అల్మరా పైనున్న బ్యాగ్

భారత్‌లో ఈ క్రీడకు ఒక చట్రం ఇటీవలే వచ్చింది. 2022 జూన్‌లో పౌర విమానయాన శాఖ విడుదల చేసిన జాతీయ ఎయిర్ స్పోర్ట్స్ మార్గదర్శకాలు 11 క్రీడలను గుర్తించాయి. వాటిలో స్కైడైవింగ్, బేస్ జంపింగ్, వింగ్‌సూట్ అన్నీ పారాచూటింగ్ కిందికి వస్తాయి. సంస్థలూ పరికరాలూ సంబంధిత సంఘాల దగ్గర నమోదై ఉండాలన్నది అందులో ముఖ్యమైన షరతు. టాండెమ్‌కు వెళ్లేవాళ్లు ఆ నమోదు గురించి అడగవచ్చు. రిజర్వ్ కార్డు మీద చివరి తేదీ చూపించమనీ అడగవచ్చు. అడిగితే నొచ్చుకునే చోట దూకకపోవడమే మంచిది.

సొంత బ్యాగ్ ఉన్న మన ఇంజినీరు పని ఇంకొంచెం ఎక్కువ. రిజర్వ్ గడువు ఎప్పుడో దాటింది, కాబట్టి మొదట రిగ్గర్ చేతికే వెళ్లాలి. ఏఏడీకి తయారీ తేదీ నుంచి ఇన్నేళ్లని ఆయుష్షు, మధ్యలో ఫ్యాక్టరీ పరీక్షలు ఉంటాయి. ఆ తేదీలు దాటి ఉండొచ్చు. తాళ్లను తయారీదారు ఇచ్చిన కొలతల పట్టికతో ఒక్కొక్కటిగా పోల్చాలి. మూడు ఉంగరాల పట్టీ వంచి చూడాలి. ఇవన్నీ సరిగ్గా ఉన్నా 190 కెనోపీ ఇప్పుడాయనకు చిన్నదే. తిరిగి మొదలుపెట్టే జంపులు శిక్షకుడి కళ్ల ముందు, డ్రాప్ జోన్ వాళ్ల 230 కెనోపీ మీద చేయాలి. 198ని 230తో భాగిస్తే 0.86. పలుచని గాలికి, మరిచిపోయిన చేతులకు ఆ మాత్రం గుడ్డ అదనంగా ఉండాలి.

బయల్దేరే రోజు తెల్లవారుజామున బెంగళూరు ఇంట్లో ఏఏడీ స్విచ్ ఆఫ్‌లోనే ఉండాలి. డ్రాప్ జోన్ చేరి, కారు దిగి, బ్యాగ్ నేల మీద పెట్టాక దాన్ని ఆన్ చేయాలి. తర్వాత అదే నేల మీద నిలబడి చేతి ఆల్టిమీటర్ ముల్లు సున్నాకు తిప్పుకోవాలి.